నీళ్ళలో మునిగినా పొగ పొగే

దసరా పండక్కి పట్నం నుంచి కొడుకు ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. రాయిలాంటి ఒళ్ళు. వచ్చిన మర్నాడు పొడి దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి జ్వరం. మూడో రోజుకు మంచం మీద నుంచి లేచి బావి దాకా నడిస్తే ఆయాసం. తల్లి మిరియాల కషాయం కాచి ఇచ్చింది. ఊళ్ళోని ఆర్.ఎం.పి. వైద్యుడు సూది వేశాడు. తగ్గలేదు. అయిదో రోజు రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చాడు.

పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి చూసి అడిగాడు.

"సిగరెట్ తాగుతవా?"

"లేదు సార్."

"బీడీ?"

"ఎన్నడు ముట్టలె సార్."

తల్లి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా పిల్లగానికి అసొంటి అలవాట్లు లేవయ్యా" అంది.

ఇది ఫలానా ఊరి ముచ్చట కాదు, ఫలానా ఇంటి ముచ్చట కాదు. ఏ ఊళ్ళోనైనా, ఏ ఇంట్లోనైనా జరగడానికి వీలున్న సంగతి. ఇందులో తల్లి అబద్ధమాడలేదు. కొడుకూ అబద్ధమాడలేదు. పండక్కి ముందు రెండు వారాలుగా అతను రోజూ రాత్రి స్నేహితుల గదిలో హుక్కా తాగుతున్నాడు. అది పొగ తాగడం కిందికి వస్తుందని అతనికి తోచనే లేదు. నీళ్ళలోంచి వచ్చే పొగ, ఆపిల్ పండు వాసన వేసే పొగ. అదీ ఒక పొగేనా?

ఆ ఒక్క మాట డాక్టరు చెవిన పడిందా లేదా అన్న దాని మీద కొన్నిసార్లు ప్రాణం ఆధారపడి వుంటుంది. అదెలాగో తెలియాలంటే ముందు ఆ కుండ సంగతి తెలియాలి.

కుండలో జరిగేదేమిటి?

హుక్కా పల్లెటూళ్ళకు బొత్తిగా కొత్త కాదు. నిజాం కాలంలో దొరల గడీల్లోనూ, నవాబుల దివాణాల్లోనూ గుడగుడ చప్పుడు వినిపించేది. అప్పట్లో నిజాం రాజ్యంలోనే వుండిన బీదరులో నల్లని లోహం మీద వెండి తీగ పొదిగి చేసిన హుక్కా కుండలు పేరుపొందాయి. ఇవాళ వాటిని మ్యూజియాల్లో చూడవచ్చు.

దాని అమరిక తేలికైనదే. అడుగున నీళ్ళ కుండ. దాని మీద నిలువు గొట్టం. గొట్టం కొసన చిలుము. చిలుములో పొగాకు, దాని మీద నిప్పు. కుండ పక్క నుంచి మరో గొట్టం. ఆ గొట్టం కొస నోట్లో పెట్టుకుని పీలిస్తే పొగ నీళ్ళలోకి దిగి, బుడగలుగా పైకి వచ్చి నోట్లోకి పోతుంది. గుడగుడమనే చప్పుడు ఆ బుడగలదే.

నేటి యువకులు తాగే హుక్కాలో పొగాకు వేరు. పొగాకును బెల్లపు మడ్డిలోనో, తేనెలోనో నానబెట్టి, గ్లిజరిన్ కలిపి, పండ్ల వాసనలు చేర్చి డబ్బాల్లో అమ్ముతారు. ఆపిల్, ద్రాక్ష, పుదీనా, పాన్ ఇలా రకరకాలు. ఈ తియ్యటి పొగాకును 1990ల నుంచి అరబ్బు దేశాల్లో పెద్ద ఎత్తున తయారు చేయసాగారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మన జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, కువైట్ పోయిన వారికి అక్కడి 'షీషా' హోటళ్ళు కొత్త కాదు. షీషా అన్నా హుక్కా అన్నా ఒకటే.

చిలుములోని తడి పొగాకు తనంత తాను సరిగ్గా మండదు. అందుకని దానిపై పొక్కులు పొడిచిన అల్యూమినియం రేకు కప్పి, ఆ రేకు మీద మండే బొగ్గు పెడతారు. అంటే పీల్చేవాడు ఒక్క పొగాకు పొగే కాదు, బొగ్గు పొగ కూడా పీలుస్తున్నాడన్న మాట. ఈ సంగతి చాలామంది గమనించరు.

నాలుగు వందల ఏళ్ళనాటి నమ్మకం

నీళ్ళలోంచి పోయిన పొగ శుభ్రపడుతుందన్నది నేటి మాట కాదు. పొగాకు మన దేశానికి పోర్చుగీసు వారి ఓడల్లో వచ్చింది. ముందుగా దక్కనులో పాతుకుంది. అక్బరు చక్రవర్తి పంపగా బిజాపూరుకు వెళ్ళిన అసద్ బేగ్ అనే ఉద్యోగి తిరిగి వెళ్ళేటప్పుడు పొగాకునూ, అందంగా చేయించిన గొట్టాన్నీ తీసుకుపోయి చక్రవర్తికి కానుకగా సమర్పించాడు. ఇది 1600 దాటిన తొలి సంవత్సరాల నాటి మాట. అక్బరు ముచ్చటపడి రెండు మూడు సార్లు పీల్చాడు. పక్కనే వున్న వైద్యుడు మాత్రం అడ్డు చెప్పాడు. మనకు తెలియని వస్తువు, మన వైద్య గ్రంథాల్లో లేని వస్తువు, పరీక్షించకుండా ఎలా వాడతామన్నది ఆయన అభ్యంతరం. ఈ వైనమంతా అసద్ బేగే రాసి పెట్టాడు.

వైద్యుడి మాట నెగ్గలేదు. కొలువులోని పెద్దలంతా పొగాకు మరిగారు. అక్బరు కొడుకు జహంగీరు 1617లో పొగాకు తాగరాదని ఆజ్ఞ జారీ చేయాల్సి వచ్చింది. అదీ నెగ్గలేదు. పొగను నీళ్ళగుండా పోనిస్తే దోషం పోతుందని అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫతే గిలానీ సలహా ఇచ్చాడని, హుక్కా అలా పుట్టిందని ఒక కథ ప్రచారంలో వుంది. కథ ఎలా వున్నా నమ్మకం మాత్రం నిలిచిపోయింది.

ఆ నమ్మకంలో నిజమెంత? నీళ్ళు పొగను చల్లబరుస్తాయి. అంతవరకు నిజమే. చల్లబడిన పొగ గొంతును మండించదు. గొంతు మండితే మనిషి దగ్గి, గొట్టం పక్కన పెడతాడు. మండకపోతే ఇంకా లోతుగా, ఇంకా సేపు పీలుస్తాడు. అంటే నీళ్ళు చేసే మేలేదో కీడుగానే మారుతున్నదన్న మాట.

పొగలోని నికోటిన్ కొంత నీళ్ళలో వుండిపోతుంది. అయితే పీల్చేవాడి ఒళ్ళు తనకు చాలినంత నికోటిన్ అందేదాకా పీల్చమంటూనే వుంటుంది. ఈలోగా మిగతా విషాలన్నీ నిరాటంకంగా లోపలికి పోతాయి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువును నీళ్ళు ఆపలేవు. సన్నని నుసిని కూడా పూర్తిగా ఆపలేవు.

పొగ లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లో ఒక లెక్క ప్రకటించారు. సిగరెట్ తాగేవాడు అయిదు నుంచి ఏడు నిమిషాల్లో ఎనిమిది నుంచి పన్నెండు దమ్ములు లాగుతాడు. మొత్తం మీద అతను పీల్చే పొగ సుమారు అర లీటరు. హుక్కా ముందు కూర్చున్నవాడు ఇరవై నిమిషాల నుంచి ఎనభై నిమిషాల దాకా లేవడు. యాభై నుంచి రెండు వందల దమ్ములు లాగుతాడు. ఒక్కో దమ్ములో పోయే పొగ లీటరులో ఏడో వంతు నుంచి పూర్తి లీటరు దాకా వుంటుంది. ఆ విధంగా ఒక్క కూర్చోవడంలో వంద సిగరెట్లు, అంతకు పైగా సిగరెట్ల పొగతో సమానమైన పొగ లోపలికి పోవచ్చునని వారు తేల్చారు.

ఇది పొగ పరిమాణం లెక్క. ప్రతి విషమూ సరిగ్గా వంద రెట్లని దీని అర్థం కాదు. అయినా ఎన్నడూ పొగ ఎరగని ఊపిరితిత్తుల్లోకి ఒక రాత్రిలో అంత పొగ పోతే అవి ఎలా తట్టుకుంటాయన్నది ఆలోచించాల్సిన విషయం.

ఊపిరితిత్తుల్లో తిరుగుబాటు

హుక్కా వల్ల క్యాన్సర్ వస్తుందని, గుండె జబ్బు వస్తుందని చెబితే కుర్రవాళ్ళు నవ్వేస్తారు. 'అవన్నీ ముసలితనంలో కదా, అప్పటి సంగతి అప్పుడు చూద్దాం' అంటారు. కానీ ఏళ్ళ తరబడి ఆగకుండా, రోజుల్లోనే మనిషిని మంచాన పడేసే జబ్బు ఒకటి వుంది. దాని పేరు అక్యూట్ ఇసినోఫిలిక్ న్యుమోనియా.

పేరు పెద్దదైనా సంగతి అర్థం కానిదేమీ కాదు. 'ఇస్నోఫీలియా' అన్న మాట పల్లెల్లో అందరికీ తెలిసిందే. రక్తంలోని తెల్లకణాల్లో ఇసినోఫిల్స్ ఒక రకం. కడుపులో పాములు చేరినా, ఒంటికి పడని వస్తువు తగిలినా అవి పోరుకు లేస్తాయి. వాటి పని మేలు చేయడమే. అయితే ఊళ్ళోకి దొంగ వచ్చాడని కర్రలు పట్టుకుని లేచిన జనం చీకట్లో మనవాళ్ళనే కొట్టినట్టు, అప్పుడప్పుడు ఈ కణాలు మన ఒంటికే చేటు చేస్తాయి.

ఊపిరితిత్తి లోపల తేనెపట్టులాగా కోట్లాది చిన్న చిన్న గాలి గదులుంటాయి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరేది అక్కడే. ఈ జబ్బులో ఇసినోఫిల్స్ గుంపులుగా ఆ గదుల్లోకి జొరబడతాయి. వాటి వెంట నీరు ఊరుతుంది. గాలి వుండవలసిన చోట నీరూ కణాలూ నిండితే మనిషి ఎంత ఎగబీల్చినా ఊపిరి చాలదు.

జ్వరం, పొడి దగ్గు, ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి, ఒళ్ళు నొప్పులు దీని లక్షణాలు. తరచు వారం లోపలే ముదురుతుంది. ఎక్స్‌రే తీస్తే రెండు పక్కలా తెల్లని మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. కొందరికి ఊపిరి యంత్రం, అంటే వెంటిలేటర్ పెట్టవలసి వస్తుంది.

ఈ జబ్బును డాక్టర్లు మొదటిసారి వేరుగా గుర్తించి రాసింది 1989లో. ఆ తర్వాత గమనించిన విశేషం ఏమంటే, ఇది ఏళ్ళ తరబడి పొగ తాగిన ముసలివాళ్ళకన్నా కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ మొదలుపెట్టిన వారికీ, ఉన్నట్టుండి మోతాదు పెంచిన వారికీ కూడా వస్తుంది. జపాన్, దక్షిణ కొరియా డాక్టర్లు ఇలాంటి రోగులను ఎందరినో చూసి రాశారు. వారిలో చాలామంది పొగ మొదలుపెట్టి కొద్ది వారాలైనా కానివారే.

ఇరాక్ నుంచి ఒక పాఠం

ఈ జబ్బు గురించి ప్రపంచానికి గట్టిగా తెలిసింది ఇరాక్ యుద్ధ కాలంలో. 2003 మార్చి నుంచి 2004 మార్చి వరకు ఇరాక్‌లోనూ, చుట్టుపక్కలా పనిచేసిన అమెరికా సైనికులు సుమారు 1,83,000 మంది. వారిలో 18 మందికి ఈ జబ్బు సోకింది. ఇద్దరు చనిపోయారు. సైన్యానికి ఏరి కోరి తీసుకున్న దృఢకాయులు వారు.

డాక్టర్లు ఆరా తీశారు. 18 మందీ పొగ తాగేవారే. వారిలో 14 మంది ఈమధ్యనే కొత్తగా మొదలుపెట్టినవారు. ఒక్కరు తప్ప అందరూ నుసిలాంటి ఇసుక దుమ్ములో పనిచేసినవారు. వారు తాగింది సిగరెట్లు. అయితే హుక్కా తాగిన తర్వాత ఇదే జబ్బుతో ఆసుపత్రిలో చేరిన యువకుల సంగతులు కూడా ఆ తర్వాత వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. పొగ ఏ దారిన వచ్చిందని ఊపిరితిత్తి అడగదు.

ఇది అరుదైన జబ్బు. లక్షా ఎనభై మూడు వేల మందిలో 18 అంటేనే ఆ సంగతి తెలుస్తున్నది. హుక్కా తాగిన ప్రతివాడికీ వస్తుందని భయపడనక్కరలేదు. అయితే అరుదైన జబ్బుతోనే ఒక చిక్కు వుంది. అది డాక్టరు మనసులో మొదట మెదలదు.

దొరకని దొంగ

జ్వరం, దగ్గు, ఆయాసం అనగానే ఎవరికైనా ముందు తోచేది న్యుమోనియా. లేదా క్షయ. 2020 తర్వాత కరోనా కూడా ఆ వరసలో చేరింది. డాక్టరు వాటికే పరీక్షలు చేయిస్తాడు, వాటికే మందులిస్తాడు. అందులో తప్పు లేదు. ఎక్కువమందికి వచ్చేవి అవే కదా! కానీ ఈ జబ్బుకు సూక్ష్మజీవులను చంపే మందులు పనిచేయవు.

మరి రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ ఎక్కువగా కనిపించవా? ఇక్కడే అసలు తిరకాసు. ఈ జబ్బు మొదట్లో రక్తంలో వాటి సంఖ్య తరచు మామూలుగానే వుంటుంది. దొంగలందరూ ఇంట్లో దూరాక వీధిలో వెతికినట్టు. ఊపిరితిత్తిలోకి సన్నని గొట్టం దించి, కొంచెం ఉప్పునీరు పంపి తిరిగి తోడి పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది. ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తి కడిగిన నీళ్ళలో ఇసినోఫిల్స్ నూటికి ఒకటి కూడా వుండవు. ఈ జబ్బులో నూటికి పాతిక, అంతకు పైగా కనిపిస్తాయి.

ఈ పరీక్ష ప్రతి ఆసుపత్రిలో వుండదు. ప్రతి రోగికీ చేయరు. చేయించాలన్న ఆలోచన డాక్టరుకు రావాలంటే ఏదో ఒక ఆచూకీ దొరకాలి. రోగి నోటి నుంచి వచ్చే "రెండు వారాల నుంచి హుక్కా తాగుతున్న సార్" అన్న మాటే ఆ ఆచూకీ.

జబ్బు పోల్చుకుంటే వైద్యం కష్టం కాదు. స్టెరాయిడ్ మందు ఇస్తారు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే ఆయాసం తగ్గుముఖం పడుతుంది. వెంటిలేటర్ మీదికి వెళ్ళినవారు కూడా లేచి నడిచి ఇంటికి వస్తారు. సాధారణంగా మచ్చ కూడా మిగలదు. మళ్ళీ పొగ ముట్టకపోతే మళ్ళీ రాదు.

ఇంత చిన్న వైద్యంతో తగ్గే జబ్బుకు, చెప్పని ఒక్క మాట వల్ల ప్రాణం మీదికి రావడం ఎంత విచారకరం!

అయితే ఒక హెచ్చరిక. స్టెరాయిడ్ పనిచేస్తుందన్నారు కదా అని మందుల దుకాణంలో కొని మింగడం గానీ, ఊళ్ళో సూదిగా వేయించుకోవడం గానీ కూడదు. ఆ ఆయాసం క్షయ వల్లనో, మరో సూక్ష్మజీవి వల్లనో వచ్చినదైతే స్టెరాయిడ్ జబ్బును మరింత రెచ్చగొడుతుంది. ఏది ఏమిటో తేల్చవలసింది ఆసుపత్రిలో డాక్టరే.

మూసిన గదిలో కుంపటి

హుక్కా వల్ల అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం మరొకటి వుంది. అది బొగ్గుది. చలికాలంలో తలుపులన్నీ బిగించి గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారు తెల్లవారి లేవకపోవడం అప్పుడప్పుడు వార్తల్లో చూసేదే. వారిని చంపింది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని ఎర్రదనం ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటెక్కడిది?

హుక్కా అంటే నోటికి గొట్టం పెట్టుకున్న కుంపటి. తలనొప్పి, తల తిరగడం, వాంతి, కాళ్ళు తేలిపోవడం దీని లక్షణాలు. ఎక్కువైతే స్పృహ తప్పుతుంది. కుర్రవాళ్ళు దీన్ని 'కిక్కు' అనుకుంటారు. నిజానికి మెదడుకు ఆక్సిజన్ అందక చేసే ఆక్రందన అది. హుక్కా తాగుతూ ఇలా పడిపోయి ఆసుపత్రి పాలైనవారి సంగతులు అనేక దేశాల వైద్యులు రాశారు.

ఇక్కడ కూడా ఒక మోసం వుంది. కరోనా రోజుల్లో ఊరూరా పరిచయమైన వేలికి తగిలించే పరికరం ఈ విషవాయువు పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ వున్న రక్తంగానే లెక్కగడుతుంది. అంకె 98 చూపిస్తుంది, మనిషి మాత్రం సోలిపోతుంటాడు. కనుక అంకెను చూసి నిశ్చింతగా వుండరాదు. వెంటనే రోగిని ఆరుబయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తం ఆ విషంలో సగం వదిలించుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో సగం పోతుంది.

'మేం తాగేది పొగాకు లేని హెర్బల్ హుక్కా' అని కొందరంటారు. పొగాకు లేకపోయినా పైన బొగ్గు వున్నదే కదా! కార్బన్ మోనాక్సైడ్ తగ్గదు.

ఇక ఒకే గొట్టం నలుగురి నోళ్ళలో తిరగడం వేరే కథ. ఎంగిలి గ్లాసులో నీళ్ళు తాగనివారు కూడా ఎంగిలి గొట్టం నోట్లో పెట్టుకుంటారు. మూసిన గదిలో పక్కపక్కన కూర్చుని అలా పంచుకునే చోట క్షయ వంటి జబ్బులు ఒకరి నుంచి మరొకరికి సోకే ప్రమాదం వున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

దుకాణం మూశారు, కుండ మిగిలింది

తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. అంతకు ముందే గుజరాత్, మహారాష్ట్ర, పంజాబ్ రాష్ట్రాలు అదే పని చేశాయి. ఇది హర్షించదగ్గ విషయమే. అయితే పార్లరుకు తాళం వేసినంత మాత్రాన కుండ పగిలిపోలేదు. అది గదుల్లోకి, తోటల్లోకి, పెళ్ళి ముందు రాత్రి విందుల్లోకి వచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చేవారి పెట్టెల్లో అత్తరు సీసాల పక్కన అదీ వస్తున్నది. నిగనిగలాడే గాజు కుండను షోకేసులో బొమ్మల మధ్య పెట్టుకున్న ఇళ్ళు కూడా లేకపోలేదు. ఇంట్లో నలుగురి ముందు సిగరెట్ ముట్టించడానికి సిగ్గుపడే కుర్రవాడు హుక్కా ముందు కూర్చోవడానికి సిగ్గుపడడం లేదు. పెద్దలు కూడా 'ఏదో పండ్ల వాసన, సరదా' అని వూరుకుంటున్నారు.

ఇంటింటికీ పోలీసు రాలేడు. ఇక్కడ కాపలా కాయవలసింది ఇంటివారే.

పెద్దలు చేయవలసింది

పిల్లవాడిని కొట్టి, తిట్టి ప్రయోజనం లేదు. తిట్టే ఇంట్లో పిల్లవాడు దాస్తాడు. జబ్బు పడ్డనాడు కూడా దాస్తాడు. తండ్రి పక్కన నిలబడి వుంటే డాక్టరు ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పడు. కనుక ఆసుపత్రిలో ఒక్క నిమిషం పిల్లవాడిని డాక్టరుతో ఒంటరిగా వదిలి బయటికి రావడం తండ్రులు నేర్చుకోవాలి. ఆ నిమిషం ఎంత విలువైనదో చెప్పనలవి కాదు.

అలాగే ఊళ్ళో వైద్యం చేసేవారు, ఆశా కార్యకర్తలు, నర్సమ్మలు 'సిగరెట్ తాగుతావా' అని అడిగి వూరుకోరాదు. 'హుక్కా తాగావా, షీషా తాగావా, ఎన్నాళ్ళయింది' అని పేరు పెట్టి అడగాలి. పేరు పెట్టి అడగనిదే చాలామందికి అది పొగ అనే తోచదు.

వారం లోపల ముదిరిన దగ్గు, జ్వరంతో పాటు నడిస్తే ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, పెదవులు నీలిరంగు తిరిగినా ఊళ్ళో సూదులతో రోజులు గడపకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో ఆలస్యమవుతుందనుకుంటే 108 వుండనే వుంది. పొగాకు మానుకోవాలనుకునే వారికి కేంద్ర ప్రభుత్వం 2016లో ఉచిత ఫోన్ సలహా ఏర్పాటు చేసింది. దాని నెంబరు 1800-11-2356.

మొదట చెప్పిన ఆ ఆసుపత్రి గదిలో ఇంకా పొద్దు మించిపోలేదు. ఎక్స్‌రేలో రెండు పక్కలా మబ్బు పట్టింది. ఇచ్చిన మందులు పనిచేయడం లేదు. డాక్టరు తల్లిదండ్రులను బయట కూర్చోమని, మంచం పక్కకు కుర్చీ లాక్కుని, ఈసారి వేరే విధంగా అడిగాడనుకుంటే:

"హుక్కా గిట్ల తాగినవా, తమ్మీ?"

కుర్రవాడు తలుపు వైపు ఒకసారి చూస్తాడు. ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటాడు.

"అది తాగిన సార్. గది దోస్తులతోని. రోజు."

ఆ మాటతో వైద్యం దారి మారుతుంది. నాలుగు వందల ఏళ్ళ నాడు అక్బరు కొలువులో వైద్యుడు అడగబోయిన ప్రశ్నను ఎవరూ వినలేదు. ఇవాళ వైద్యుడు అడుగుతున్నాడు. జవాబు చెప్పవలసింది మన పిల్లలు. చెప్పగల ధైర్యం ఇవ్వవలసింది మన ఇళ్ళు.